కొలత బల్లతో అరకు నుంచి పాడేరు దాకా: తొమ్మిది రోజుల సర్వే దారి

ఐదేళ్లలోపు పిల్లల్లో గిడసబారినవాళ్లు, అంటే వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పిన లెక్క ఇది. పథకాలూ నిధులూ చర్చలూ అన్నీ ఇలాంటి అంకెల చుట్టే తిరుగుతాయి. ఆ అంకె పుట్టేది మాత్రం ఏదో ఒక మట్టి అరుగు మీద, ఏడుస్తున్న బిడ్డ మోకాళ్లను ఒకరు నెమ్మదిగా నొక్కి పట్టుకుంటే, తలను ఇంకొకరు సరిచేసిన ఆ అర నిమిషంలో. అక్కడ జరిగిన తప్పును ఆ తర్వాత ఏ కంప్యూటరూ దిద్దలేదు.

అల్లూరి సీతారామరాజు జిల్లాలో చిన్న సర్వేకు వెళ్లే జట్టు దారి ఇది. ఐదేళ్లలోపు పిల్లల ఎత్తు, బరువు, రక్తంలో హిమోగ్లోబిన్ చూస్తారు. 5 నుంచి 16 ఏళ్లవాళ్లకు చదువూ లెక్కా ఎంతవరకు వచ్చో చూస్తారు. జట్టులో నలుగురు: కొలిచేవాళ్లు ఇద్దరు, ప్రశ్నలడిగేవాళ్లు ఒకరు, సూపర్‌వైజరు ఒకరు. వీళ్లకు తోడు ఇక్కడి గిరిజన భాష కువి గానీ ఆదివాసీ ఒడియా గానీ మాతృభాషగా ఉన్న స్థానికులు ఒకరు. వెళ్లే కాలం అక్టోబరు చివర. వానలు తగ్గి దారులు ఆరతాయి, కాఫీ పండ్ల కోతకు ఇళ్లన్నీ ఖాళీ అయ్యే రోజులు ఇంకా రావు.

మొదటి రోజు: విశాఖపట్నం

కొండెక్కే ముందు ఒక రోజు కిందే ఖర్చు పెట్టాలి. ఒక అంగన్‌వాడీ కేంద్రంలో పదిమంది పిల్లలు కావాలి, వాళ్లలో సగం మంది రెండేళ్లలోపువాళ్లు. కొలిచేవాళ్లు ప్రతి ఒక్కరూ ప్రతి బిడ్డనూ రెండేసి సార్లు కొలుస్తారు. రెండోసారి కొలిచేటప్పుడు మొదటి కాగితం వాళ్ల చేతిలో ఉండకూడదు. ప్రతి బిడ్డకూ రెండు కొలతల తేడా తీసి, దాన్ని వర్గం చేసి, అన్నీ కూడి, పిల్లల సంఖ్యకు రెట్టింపైన 20తో భాగించి, వర్గమూలం తీస్తే కొలతలో దోషం తేలుతుంది. 0.6 సెంటీమీటర్లు దాటితే ఆ మనిషికి మళ్లీ శిక్షణ.

తొమ్మిదిమందికి తేడా అర సెంటీమీటరే వచ్చి, పదో బిడ్డకు రెండున్నర వచ్చిందనుకుందాం. వర్గాల మొత్తం 8.5, దోషం 0.65. ఒక్క బిడ్డ దగ్గర కొలత తప్పితే మనిషి ఆగిపోయాడన్నమాట. ఇది కఠినమైన నియమంలా అనిపిస్తుంది గానీ ఉండవలసింది ఇంత కఠినంగానే. ఊళ్లో ఏడ్చే బిడ్డ ఎప్పుడూ ఆ పదో బిడ్డే.

సాయంత్రం సామాను. ఎత్తు బల్ల, తల్లి బరువును సున్నా చేసి బిడ్డ బరువు మాత్రమే చూపే డిజిటల్ తూకం, జబ్బ చుట్టుకొలత టేపులు, హిమోగ్లోబిన్ మిషను, దానిలో రక్తపు చుక్క పట్టే క్యూవెట్లు పిల్లల లెక్కకు పదో వంతు ఎక్కువ, వేలికి గుచ్చే లాన్సెట్లు, గ్లవ్స్, సూదులు వేసే గట్టి డబ్బా, విడి బ్యాటరీలు, టార్పాలిన్. వీటితోపాటు చాలా జట్లు మరిచిపోయేవి రెండున్నాయి: 5 కిలోల తూకపు రాయి, పొడవు ముందే తెలిసిన పీవీసీ గొట్టం. రోజూ పొద్దున మొదటి ఇంటికి వెళ్లే ముందు రాయిని తూకం మీద పెట్టి, గొట్టాన్ని బల్ల మీద పెట్టి, వచ్చిన అంకెను పుస్తకంలో రాయాలి.

రెండో రోజు: కిరండూల్ పాసింజరు, అరకు

తెల్లవారగానే విశాఖలో బయల్దేరే రైలు బొర్రా గుహలు దాటి శిమిలిగూడ చేరుతుంది. సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్న స్టేషను అది. ఆ అంకెను గుర్తుపెట్టుకోవాలి, ఐదో రోజు దానితో పని పడుతుంది.

అరకులో దిగాక పని అంతా మాటలతోనే. గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ అనుమతి కాగితం, పరిశోధనలను పరిశీలించే నైతిక సంఘం ఆమోద పత్రం చేతిలో ఉన్నా, సర్పంచితోనూ ఊరి పెద్దతోనూ కూర్చుని, ఏం చేస్తామో, బిడ్డ వేలి నుంచి ఎన్ని చుక్కలు తీస్తామో, ఆ రక్తం ఎక్కడికి పోతుందో చెప్పాలి. చుక్క ఎక్కడికీ పోదు, ఇంటి ముందే మిషన్లో చూసి డబ్బాలో పారేస్తాం. చెప్పి ఊరుకోకుండా డబ్బా మూత తీసి చూపించడం మంచిది.

భాష తెలిసిన మనిషిగా అంగన్‌వాడీ టీచర్నో ఆశా కార్యకర్తనో పెట్టుకుంటే పని త్వరగా అవుతుంది. అయినా పెట్టుకోకూడదు. గుడ్లు, పాలు, బాలామృతం అందుతున్నాయా అని ఆమె పక్కనుండగా అడిగితే ఏ తల్లి అయినా అందుతున్నాయనే అంటుంది. దారి చూపడానికీ, పిల్లల పేర్లు సరిచూడడానికీ వాళ్ల సాయం కావాలి, ప్రశ్నలు మొదలవగానే పక్కకు వెళ్లమని ముందే మర్యాదగా మాట్లాడుకోవాలి.

మూడో రోజు: డుంబ్రిగుడ మండలం, ఇళ్ల లెక్క

ఒక ఊరంటే ఇక్కడ ఒకచోట ఉండదు. రెవెన్యూ పేరు ఒకటే ఉంటుంది, గూడేలు మాత్రం వాగుకు అవతల ఒకటి, గట్టు మీద ఒకటి. చేతి పటం గీయడం బడి దగ్గర మొదలుపెట్టి, బోరు, అంగన్‌వాడీ, రేషన్ ఇచ్చే డీఆర్ డిపో, పెద్ద చెట్టు గుర్తులుగా పెట్టుకుని ప్రతి గూడేనికీ నడవాలి. నడవకుండా ఊళ్లో అడిగి గీసిన పటంలో చివరి గూడెం తప్పకుండా జారిపోతుంది. డోలీ మీద మనుషుల్ని మోసుకొచ్చేది అక్కడి నుంచే, టీకాలు ఆలస్యంగా చేరేది అక్కడికే. ఆ నాలుగిళ్లు జారిపోతే లెక్కలో ఊరు ఉన్నదానికంటే ఆరోగ్యంగా కనబడుతుంది.

కుటుంబమంటే ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్లు. ఒకే కప్పు కింద అన్నదమ్ములవి రెండు పొయ్యిలుంటే రెండు కుటుంబాలు. తలుపు మీద సుద్దతో నంబరు వేసి, తాళం వేసిన ఇంటికీ నంబరు వేయాలి.

ఎంపిక ఇలా. 137 కుటుంబాలు తేలి, 22 కావాలంటే 137ను 22తో భాగిస్తే 6.227. మొదటి అంకెను యాదృచ్ఛికంగా తీస్తే 3.4 వచ్చిందనుకుందాం. 3.4కు 6.227 కలుపుతూ పోయి, ప్రతిసారీ పైఅంకెకు మారిస్తే 4, 10, 16, 23వ ఇళ్లు వరసగా వస్తాయి. ఆ ఇల్లు తాళం వేసి ఉంటే పక్కింటికి పోకూడదు. మూడుసార్లు, వేర్వేరు వేళల్లో వెళ్లి, అప్పటికీ దొరక్కపోతే దొరకలేదనే రాయాలి. తాళం వేసిన ఇల్లు కూలికో వలసకో వెళ్లినవాళ్లది. దాని బదులు పగలు ఇంట్లో ఉండే కుటుంబాన్ని తీసుకుంటే, కాస్త ఉన్నవాళ్లనే లెక్కలోకి తెచ్చుకున్నట్టు.

నాలుగో రోజు: వయసు, ఎత్తు

సర్వే మొత్తంలో కష్టమైన ప్రశ్న పుట్టినతేదీ. తల్లీబిడ్డల కార్డూ, జనన ధ్రువపత్రమూ ముందు అడగాలి. ఆధార్‌లో జనవరి 1 అని కనబడితే నమ్మకూడదు, తేదీ తెలియనప్పుడు పడే తేదీ అది. కాగితమేదీ లేకపోతే స్థానిక క్యాలెండర్ బయటికి తీయాలి. దాన్ని ముందు రోజే ఊరి పెద్దలతో కూర్చుని తయారుచేసుకోవాలి: చైత్రంలో ఇటుకల పండుగ, మేలో పాడేరు మోదకొండమ్మ జాతర, అక్టోబరు–నవంబరులో వలిస (నూనెగింజల పంట) పూత, ఆ వెనకే కాఫీ కోత. ఏడాది గుర్తుకు పెద్ద సంఘటనలు: 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా కొత్త జిల్లా, 2024 మేలో ఎన్నికలు.

‘పాప ఎన్నికలకు ముందు పుట్టిందా అమ్మా, తరవాతా?’ ‘ముందే.’ ‘దానికి ముందు వలిస పూసినప్పటికి పుట్టిందా?’ ‘లేదు, కడుపులో ఉంది.’ ‘మరి ఇటుకల పండుగకి?’ ‘చంటిది. అప్పటికి నేనింకా పనిలోకి వెళ్లలేదు.’ మూడు ప్రశ్నల్లో ఏడాది అయోమయం కాస్తా కొన్ని నెలలకు కుదించుకుపోయింది. తర్వాత అక్కకో అన్నకో ఉన్న కార్డు తేదీతో సరిచూస్తే ఇంకా దగ్గరికి వస్తుంది. ‘రెండేళ్లుంటాయి’ అన్న మాటను మాత్రం 24 నెలలని రాసుకోకూడదు.

ఇంత పట్టుదల ఎందుకో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. 79.0 సెంటీమీటర్లున్న మగబిడ్డ. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల్లో గిడసబారినట్టు లెక్కించే గీత 20 నెలల మగబిడ్డకు 78.6, 22 నెలలకు 80.2. బిడ్డ వయసు 20 నెలలైతే గీతకు పైన ఉన్నాడు, 22 అయితే కింద పడ్డాడు. బిడ్డ అదే, బల్ల అదే, కొలిచిన చేతులూ అవే.

ఇక కొలత. రెండేళ్లలోపు బిడ్డను పడుకోబెట్టి, దాటినవాళ్లను నిలబెట్టి కొలవాలి. పడుకున్న పొడవు నిలువెత్తు కంటే సగటున 0.7 సెంటీమీటర్లు ఎక్కువ వస్తుంది కాబట్టి ఎలా కొలిచారో తప్పకుండా రాయాలి. రెండేళ్లలోపు బిడ్డ పడుకోనే పడుకోక నిలబెట్టి కొలిస్తే 0.7 కలుపుతారు, పెద్దబిడ్డను పడుకోబెట్టాల్సి వస్తే అంతే తీసేస్తారు.

అరుగు ఎగుడుదిగుడుగా ఉంటే బల్ల ఊగుతుంది. ఊరంతటికీ ఒక చదునైన చోటు, బడి వరండా లాంటిది, చూసుకోవచ్చు గానీ పిల్లల్ని అక్కడికి పిలిస్తే రానివాళ్లు లెక్కలోంచి పోతారు. బల్లనే ఇంటికి మోయాలి. సహాయకురాలు తలవైపు మోకాళ్ల మీద కూర్చుని రెండు అరచేతుల్తో చెవుల మీదుగా తల పట్టుకుంటుంది, నడినెత్తి తలపలకకు ఆనాలి, చూపు నేరుగా పైకి ఉండాలి. కొలిచే మనిషి ఎడమచేత్తో మోకాళ్లు నొక్కి, కుడిచేత్తో పాదాల పలక జరపాలి. వేళ్లు ముడుచుకుంటే అరికాలు కాస్త గీరితే సాగుతాయి. ఒక్క కాలే ఆనించి చదివితే కొలత పోతుంది. అంకెను పైకి చదవాలి, రాసేవాళ్లు తిరిగి చెప్పాలి, అప్పుడే బిడ్డను తీయాలి.

నెత్తిన ముడి ఉంటే విప్పించాలి. నిలబడిన పిల్లలు మునివేళ్ల మీద లేవడానికి చూస్తారు, మడమలు ఒకరు చేత్తో పట్టుకోవాల్సిందే. తూకం దగ్గర కాలి కడియాలు తీయించాలి. మొలతాడు తీయనంటే బలవంతం వద్దు, ఉందని రాస్తే చాలు. తల్లి తూకమెక్కి, సున్నా అయ్యాక బిడ్డను అందుకునే లోపల అటూఇటూ జరిగితే అంకె ఊగిసలాడుతుంది. నిలకడగా ఆగే దాకా చదవకూడదు.

వరస కూడా ముఖ్యం: బరువు, ఎత్తు, జబ్బ, చివర్న రక్తం. ముందు వేలికి గుచ్చితే ఆ బిడ్డే కాదు, చూస్తున్న బిడ్డ కూడా ఇక బల్ల మీద పడుకోదు. ఆరు నెలలు నిండిన బిడ్డకు జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువున్నా, రెండు పాదాల మీద బొటనవేళ్లతో మూడు క్షణాలు నొక్కి తీస్తే గుంట నిలిచినా, ఆ రోజే పోషకాహార పునరావాస కేంద్రమున్న ఆసుపత్రికి చీటీ రాసివ్వాలి, ప్రయాణానికి ఏర్పాటు అయిందో లేదో సాయంత్రం కనుక్కోవాలి. చీటీ రాసి వదిలేయడం కొలిచి వదిలేయడం కంటే పెద్ద మేలేం కాదు.

ఐదో రోజు: మంచు, రక్తం

పొద్దున మంచు పడే వేళ క్యూవెట్ సీసా తెరవకూడదు. లోపలున్న రసాయనం తడి పీల్చుకుంటే అంకె తప్పుతుంది, తప్పిందని మిషను చెప్పదు. ఒక్కో క్యూవెట్ తీసి వెంటనే మూత బిగించాలి. చల్లటి చేతుల్లో రక్తం రాదు, రాలేదని వేలు పిండితే కణజాలపు నీరు కలిసి హిమోగ్లోబిన్ తక్కువగా చూపుతుంది. కాబట్టి ఎండ వచ్చాక వెళ్లాలి, లేదా చేతులు రుద్ది వెచ్చబరచాలి. స్పిరిట్ పూర్తిగా ఆరాక, వేలి పక్కభాగంలో గుచ్చి, మొదటి రెండు చుక్కలు తుడిచేసి, మూడోది తీసుకోవాలి. క్యూవెట్ ఒకే ఊపున నిండాలి. గాలిబుడగ కనబడితే పారేసి కొత్తది తీయాలి, సగం నిండినదాన్ని మళ్లీ చుక్కకు ఆనించకూడదు.

శిమిలిగూడ అంకెతో పని ఇక్కడ. ఎత్తున్న చోట గాలిలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ ఒంట్లో హిమోగ్లోబిన్ పెరుగుతుంది, అందుకే ఎత్తును బట్టి అంకెను తగ్గించి చూడాలి. పాత పద్ధతిలో ఆ సవరణ 1000 మీటర్ల దగ్గర మొదలయ్యేది, 996 మీటర్ల శిమిలిగూడకు సవరణే ఉండేది కాదు. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్చిన పద్ధతిలో 500 నుంచి 999 మీటర్ల మధ్య డెసిలీటరు రక్తానికి 0.4 గ్రాములు, 1000 నుంచి 1499 మధ్య 0.8 గ్రాములు తీసేయాలి. దాంతోపాటు 6 నుంచి 23 నెలల బిడ్డలకు రక్తహీనత గీతను 11 నుంచి 10.5కు దించారు, 24 నెలలు నిండినవాళ్లకు 11 అలాగే ఉంది.

900 మీటర్ల ఎత్తున్న గూడెంలో మూడేళ్ల పాపకు 11.2 వచ్చిందనుకుందాం. పాత లెక్కలో రక్తహీనత లేదు, కొత్త లెక్కలో 10.8 అవుతుంది కాబట్టి ఉంది. అదే గూడెంలో 20 నెలల బాబుకు 10.9 వస్తే పాత లెక్కలో ఉంది, కొత్త లెక్కలో లేదు. అందుకే ప్రతి ఇంటి దగ్గరా ఎత్తు నమోదు చేయాలి, సవరించని అసలు అంకెనే దాచాలి. ముందే సవరించేసి దాస్తే, రేపు పద్ధతి మళ్లీ మారినప్పుడు పాత సర్వేతో పోల్చే దారి మూసుకుపోతుంది. 7 కంటే తక్కువ వచ్చిన బిడ్డ విషయంలో ఏ పద్ధతి గురించీ ఆలోచన వద్దు, వెంటనే పీహెచ్‌సీకి పంపాలి.

ఆరో రోజు: చదువు

పల్లె పిల్లలకు చదువూ లెక్కా ఎంత వచ్చో ఇంటింటికీ వెళ్లి చూసే అసర్ సర్వేలు 2005 నుంచి వాడుతున్న పద్ధతి చాలా సులువైనది, అందుకే దాన్ని పాడుచేయడమూ సులువే. బిడ్డకు ముందు ఒకటో తరగతి స్థాయి పేరా ఇవ్వాలి. చదివితే రెండో తరగతి కథ, చదవలేకపోతే పదాలు, అవీ రాకపోతే అక్షరాలు. పదాలైనా అక్షరాలైనా ఐదింటిలో నాలుగు సరిగా రావాలి. లెక్కల్లో అప్పు తెచ్చుకునే రెండంకెల తీసివేతలు రెండు, రెండూ సరిగా చేస్తే మూడంకెలను ఒక అంకెతో భాగించే లెక్క. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, తల్లీ మేనమామా చుట్టూ చేరి అందిస్తుంటారు, లేదా పరీక్ష పెట్టేవాళ్లే జాలితో మొదటి అక్షరం పలుకుతారు. బిడ్డను అందరికీ కనబడే చోటే, కాస్త ఎడంగా, కూర్చోబెట్టుకోవాలి.

ఇంట్లో కువి మాట్లాడే బిడ్డ తెలుగు పేరా గడగడా చదివి, అందులో ఏముందో చెప్పలేకపోవచ్చు. ఇంకో బిడ్డ ఒత్తుల దగ్గర ఆగిపోయి, మనం చదివి వినిపిస్తే అంతా చెప్పేయవచ్చు. ఇద్దరినీ ఒకే గడిలో వేస్తే ఏ టీచరుకూ ఆ అంకె ఉపయోగపడదు. చదివాక ఇంటి భాషలో ఒక చిన్న ప్రశ్న అడిగి విడిగా రాసుకుంటే ఆ తేడా నిలుస్తుంది.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి. ఈ కొండల్లో పెద్దపిల్లలు చాలామంది ఇంట్లో ఉండరు, ఆశ్రమ పాఠశాలల్లో ఉంటారు. ఇంటింటి సర్వేలో కనబడేది చిన్నవాళ్లు, బడి మానేసినవాళ్లు, ఆ వారం జ్వరమొచ్చి ఇంటికి వచ్చినవాళ్లు. వాళ్లను మాత్రమే పరీక్షించి ఈ ప్రాంతం పిల్లల చదువు ఇదని రాస్తే అది అన్యాయం. ఇంట్లో లేని బిడ్డ పేరు, వయసు, ఉంటున్న బడి తప్పకుండా రాసుకుని, ఆ బడులకు విడిగా వెళ్లాలి.

అక్కడ అనుమతి ఎవరిది అన్నది పెద్ద ప్రశ్న. 2009–10లో అప్పటి ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసిన అధ్యయనంలో ఎన్నో అనుమతి పత్రాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లే సంతకం పెట్టారు. 2010లో ఆ అధ్యయనం ఆపేశారు, 2013లో పార్లమెంటరీ సంఘం దాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. చదువు పరీక్షకు సూది లేకపోవచ్చు, అయినా నియమం ఒకటే. వార్డెన్ తలుపు తెరవగలరు, అనుమతి ఇవ్వాల్సింది కన్నవాళ్లు. ఏడేళ్లు దాటిన బిడ్డను ఆ బిడ్డ భాషలోనే విడిగా అడగాలి. వద్దంటే అక్కడితో ఆపాలి.

ఏడో రోజు: తాళం వేసిన ఇళ్లు

మూడో ప్రయత్నం ఈ రోజే. పొద్దున ఆరింటికి, చోడి అంబలి తాగి పనికి కదిలేలోపు వెళితే సగం ఇళ్లు దొరుకుతాయి. సంత రోజైతే ఊళ్లో తిరగడం దండగ, సంత దారిలో కలిసి సాయంత్రం ఏ వేళకు రావచ్చో అడగాలి. దారి మధ్య బిడ్డను కొలవకూడదు.

ఎనిమిదో రోజు: హుకుంపేట మీదుగా పాడేరు

పాడేరులో గది తీసుకుని టాబ్లెట్లలోని లెక్కలన్నీ పరచుకోవాలి. ముందు చూడాల్సింది ఎత్తు చివరి అంకె. 200 మంది పిల్లల్లో .0తో ముగిసేవి 20 దాకా ఉండాలి. 55 ఉంటే ఎవరో గీత చూడకుండా సర్దేస్తున్నారు. కొలిచిన మనిషి వారీగా విడదీస్తే ఎవరో తెలుస్తుంది. వయసులు 24, 36 నెలల దగ్గర గుట్టలు పడ్డాయేమో తర్వాత చూడాలి. ఎత్తు స్కోరు, అంటే ఆ వయసు ప్రమాణానికి బిడ్డ ఎత్తు ఎంత దూరంలో ఉందో చెప్పే అంకె, మైనస్ 6 కంటే కిందో ప్లస్ 6 కంటే పైనో వస్తే అది దాదాపుగా తేదీ తప్పో కొలత తప్పో అయి ఉంటుంది. స్కోర్ల విస్తరణ (ప్రామాణిక విచలనం) 1.3 దాటిపోతే పిల్లల్లో తేడా కంటే కొలతలో తేడానే ఎక్కువున్నట్టు అనుమానించాలి.

అనుమానం వచ్చినవాళ్లనూ, అనుమానమే లేని పదోవంతు మందినీ కలిపి చీటీలు తీసి, మధ్యాహ్నం మళ్లీ ఆ ఇళ్లకు వెళ్లాలి. సూపర్‌వైజరు పాత అంకె చూడకుండా కొలుస్తారు. తేడా వస్తే రెండూ ఉంచాలి, మొదటిదాన్ని చెరపకూడదు.

తొమ్మిదో రోజు: ఘాటు దిగడం

బయల్దేరే ముందు మూడు పనులు. ప్రతి తల్లికీ బిడ్డ ఎత్తు, బరువు, హిమోగ్లోబిన్ రాసిన కార్డు ఇచ్చి, దాని అర్థం ఆమె భాషలో చెప్పించాలి. ఆసుపత్రికి పంపిన పిల్లల జాబితా ఏఎన్ఎం చేతిలో పెట్టి, ఎవరు చేరారో కనుక్కోవాలి. వాడిన సూదుల డబ్బాను మూత వేసి ఆసుపత్రికి అప్పగించి రసీదు తీసుకోవాలి.

మాడుగుల వైపు దిగే ఘాటులో మలుపులు ఎక్కువ. ఎత్తు బల్లను బస్సు పైన కట్టకూడదు, కుదుపులకు స్కేలు పట్టీ సడలిపోతుంది. లోపల నిలువుగా, మనిషి పట్టుకుని కూర్చోవాలి. చోడవరం చేరాక పీవీసీ గొట్టం మళ్లీ ఒకసారి బల్ల మీద పెట్టి చూడాలి. అంకె మారితే, అది ఏ రోజు నుంచి మారిందో రోజూ పొద్దున రాసుకున్న పుస్తకంలో వెతకాలి, ఆ రోజు నుంచి కొలిచిన పిల్లలందరి పేర్ల పక్కనా గుర్తు పెట్టాలి.